కొలాజెన్ పౌడర్ పనిచేయకపోతే పేగుల మీద నింద వేసేముందు

ప్రొద్దుటూరు నుంచి అడిగిన అమ్మకు నమస్కారం. మీరు రాసింది మిగతావాళ్ళకూ తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. మీకు 47 ఏళ్ళు, బరువు 60 కిలోలు. మోకాళ్ళ నొప్పులు, జుట్టు రాలడం, చర్మం పొడిబారడం. బెంగళూరులో ఉన్న మీ అమ్మాయి కొలాజెన్ పౌడర్ డబ్బాలు పంపింది. మూడు నెలలుగా రోజూ పొద్దున గ్లాసుడు వేడి పాలల్లో ఒక స్కూపు కలుపుకుని తాగుతున్నారు. తేడా ఏమీ కనపడలేదు, పైగా కడుపుబ్బరం మొదలైంది. పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోవడం ఏళ్ళుగా అలవాటు. సప్లిమెంట్లు అమ్మే ఒకాయన "మీ పేగులు బాగాలేవు, అందుకే ఒంటికి పట్టడం లేదు, ముందు పేగులు శుభ్రంచేసే కిట్టు వాడండి, ఆ తర్వాత ప్రోబయోటిక్ (మేలుచేసే సూక్ష్మజీవులు ఉండే) క్యాప్సూల్స్‌తో కలిపి కొలాజెన్ తాగండి" అన్నాడు. అది నిజమేనా అని మీ ప్రశ్న.

నేను కర్నూల్లో ఒక ఆసుపత్రి జీర్ణకోశ విభాగంలో చాలా ఏళ్ళుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ మధ్య ఈ ప్రశ్న వారం వారం వస్తోంది. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆ కిట్టు కొనకండి. ఇది ముందే చెప్పేస్తున్నాను. పేగుల ఆరోగ్యానికీ కొలాజెన్‌కూ సంబంధం ఉన్నమాట నిజమే. అయితే మీకు అమ్మాలని చూసిన సంబంధం అది కాదు.

కొలాజెన్ అంటే మన ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రోటీన్. మొత్తం ప్రోటీన్‌లో దాదాపు మూడో వంతు ఇదే. చర్మం, ఎముక, కీళ్ళ మధ్య ఉండే మృదులాస్థి, స్నాయువులు, రక్తనాళాల గోడలు, అన్నిటికీ పట్టునిచ్చేది ఇదే. మూడు పోగులు ఒకదానికొకటి మెలేసుకుని తాడులా ఉంటాయి. ఆ మెలిక వల్లే దానికి అంత గట్టితనం. పచ్చి మాంసంలో ఉన్న కొలాజెన్‌ని అలాగే తింటే అరగడం కష్టం. అందుకే మనవాళ్ళు పొట్టేలు కాళ్ళు గంటల తరబడి సన్న సెగ మీద ఉడికిస్తారు. ముందు గిట్టలు కాల్చి, గీకి, కడిగి, మిరియాలు, అల్లం, ధనియాలు వేసి పొయ్యి మీద పెట్టేస్తే మూడు నాలుగు గంటల తర్వాత చారు వేళ్ళకు అంటుకునేంత జిగురుగా వస్తుంది. మిగిలిన పాయాని ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీస్తే గిన్నెలో గడ్డకట్టి, కదిలిస్తే వణుకుతుంది. ఆ వణికేదే జెలటిన్. వేడికి మెలిక విడిపోయిన కొలాజెన్ అన్నమాట. దాన్నే ఫ్యాక్టరీలో ఎంజైములతో ఇంకా చిన్న ముక్కలుగా కోస్తే మీ డబ్బాలో ఉన్న పౌడర్ అవుతుంది. లేబుల్ మీద హైడ్రొలైజ్డ్ కొలాజెన్ అనో, కొలాజెన్ పెప్టైడ్స్ అనో రాసి ఉంటుంది, చూడండి. అణువుల బరువును డాల్టన్లలో కొలుస్తారు. అసలు కొలాజెన్ అణువు బరువు సుమారు 3 లక్షల డాల్టన్లు ఉంటే, పౌడర్‌లోని ముక్కల బరువు సాధారణంగా కొన్ని వేల డాల్టన్లే.

అంటే మీ కడుపు చేయాల్సిన పనిలో పెద్ద భాగం ఫ్యాక్టరీలోనే అయిపోయింది. పాయా గానీ, కందిపప్పు గానీ, గుడ్డు గానీ అరిగించుకోగలిగిన పేగులకు ఈ పౌడర్ ఒక లెక్క కాదు. మిగిలిన కోత పని జీర్ణాశయంలోని పెప్సిన్, క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ లాంటి ఎంజైములు, చిన్నపేగు గోడ మీద ఉండే ఎంజైములు పూర్తిచేస్తాయి. చివరికి మిగిలేవి విడి అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌ను కట్టిన ఇటుకలు, అవే రెండేసి మూడేసి కలిసి ఉన్న బుల్లి పెప్టైడ్లు. ఈ బుల్లి పెప్టైడ్లను లోపలికి తీసుకోవడానికి చిన్నపేగు గోడలో ప్రత్యేకంగా ఒక దారి ఉంది. దాని పేరు పెప్ట్ వన్. శాస్త్రవేత్తలు 1994లో దాని జన్యువును పట్టుకున్నారు.

ఈ దారి ఎంత గట్టిదో చెప్పడానికి ఒక జబ్బు సంగతి చెప్తాను. 1956లో లండన్‌లో మొదటిసారి వర్ణించిన హార్ట్‌నప్ అనే అరుదైన వంశపారంపర్య జబ్బు ఉంది. ఆ రోగుల పేగులు ట్రిప్టోఫాన్ లాంటి కొన్ని అమైనో ఆమ్లాలను విడిగా ఇస్తే సరిగా తీసుకోలేవు. అవే పెప్టైడ్ రూపంలో ఇస్తే తీసుకుంటాయి. ఒక దారి మూసుకుపోయినా రెండోది తెరిచే ఉంటుంది. "మీ పేగులు బాగాలేవు కాబట్టి పెప్టైడ్లు పట్టవు" అని ఎవరైనా తేలిగ్గా అనేస్తే నాకు కోపం వచ్చేది అందుకే. కాస్త గ్యాస్, కాస్త మలబద్ధకం ఉన్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు.

కొలాజెన్‌లో ఇంకో ప్రత్యేకత ఉంది. హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఇందులో దండిగా ఉంటుంది, మిగతా తిండిలో దాదాపు ఉండదు. అది ఉన్న పెప్టైడ్లను ఎంజైములు అంత సులువుగా కోయలేవు. కాబట్టి ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ జంటగా ఉన్న ముక్క అలాగే రక్తంలోకి చేరుతుంది. జపాన్ పరిశోధకులు 2005లో జెలటిన్ పెప్టైడ్లు తాగించి, ఆ తర్వాత రక్తం తీసి పరీక్షించి ఈ సంగతి చూపించారు. తాగిన గంట, రెండు గంటల్లో రక్తంలో దాని మోతాదు పైకి లేస్తుంది. పట్టడం పడుతుందమ్మా. పట్టిన తర్వాత ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు మీ కడుపుబ్బరం.

మీరు రాసినదాంట్లో నాకు మొదట కంటపడింది ఆ గ్లాసుడు పాలు. అంతకుముందు పొద్దున పాలు తాగే అలవాటు లేదని, కాఫీలో వేసుకునే పాలు తప్ప ఇంకేమీ లేదని మీరే రాశారు. దక్షిణాదిలో పెద్దవాళ్ళలో సగానికి పైగా మందికి పాలల్లోని చక్కెర, అంటే లాక్టోజ్, పూర్తిగా అరగదు. చిన్నతనంలో ఉన్న లాక్టేజ్ ఎంజైము వయసుతో తగ్గిపోతుంది. కాఫీలో పడే కొద్దిపాటి పాలకు ఏమీ కాదు. ఒక్కసారిగా గ్లాసుడు పాలు పరగడుపున తాగితే అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. గంట రెండు గంటల్లో పొట్ట బిర్రుగా అవుతుంది, గుడగుడలాడుతుంది. పెరుగు, మజ్జిగలకు ఇబ్బంది ఉండదు, ఎందుకంటే తోడు వేసినప్పుడే లాక్టోజ్‌లో కొంత తగ్గిపోతుంది, తోడులోని సూక్ష్మజీవులు మిగతాదాన్ని అరిగించడానికీ సాయపడతాయి.

రెండోది డబ్బా వెనక వైపు. ముందు వైపు బొమ్మలు వదిలేసి, వెనక సన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా చదవండి. చాలా పౌడర్లలో రుచి కోసం, తియ్యదనం కోసం సార్బిటాల్, జైలిటాల్ లాంటివి, "ఫైబర్" పేరుతో ఇన్యులిన్ కలుపుతారు. ఇవి చిన్నపేగులో సరిగా అరగవు. ఉబ్బరం ఉన్నవాళ్ళకు ఇవి ఆజ్యం పోస్తాయి. ఒక వారం కొలాజెన్ ఆపి పాలు మాత్రం తాగండి. తర్వాతి వారం పాలు మానేసి కొలాజెన్‌ని నీళ్ళల్లో తాగండి. ఏ వారంలో ఉబ్బరం వచ్చిందో మీకే తెలిసిపోతుంది. ఏ టెస్టూ అక్కర్లేదు, కిట్టూ అక్కర్లేదు. (వేడి వల్ల పౌడర్ పాడవదు. ఆ మాట కూడా చాలామంది అడుగుతారు. అది ముందే వేడి చూసి వచ్చిన సరుకు.)

గ్యాస్ మాత్ర సంగతి ఇంతకన్నా ముఖ్యం. పెప్సిన్ పనిచేయాలంటే జీర్ణాశయంలో ఆమ్లం ఉండాలి. ఏమీ తినకుండా ఉన్నప్పుడు అక్కడ పీహెచ్ (ఆమ్లం ఘాటు కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) 1.5, 2 దగ్గర ఉంటుంది. పాంటోప్రజోల్ లాంటి మాత్ర ఆ ఆమ్లాన్ని బాగా తగ్గిస్తుంది, పెప్సిన్ పని మందగిస్తుంది. అయినా ప్రోటీన్ జీర్ణం ఆగిపోదు, క్లోమం ఎంజైములు ఆ లోటును చాలావరకు పూడ్చేస్తాయి. పైగా మీ పౌడర్ ముందే ముక్కలైంది. కాబట్టి ఈ మాత్ర వల్ల కొలాజెన్ వృథా అవుతోందని నేను అనను. నా దిగులు వేరే. ఏళ్ళ తరబడి వేసుకుంటే బి12 తగ్గుతుంది, మెగ్నీషియం తగ్గవచ్చు, ఇనుము పట్టడమూ తగ్గుతుంది. జుట్టు రాలడం, నీరసం, కాళ్ళు తిమ్మిర్లు ఈ లోపాల్లోనూ ఉంటాయి. మీరు కొలాజెన్ లోపం అనుకుంటున్నది ఇనుము, బి12 లోపం కావచ్చు.

అలాగని రేపట్నుంచి మాత్ర ఆపేయకండి. అకస్మాత్తుగా ఆపితే ఆమ్లం మునుపటికన్నా ఎక్కువగా ఎగదన్ని, మంట భరించలేక మళ్ళీ మాత్ర దగ్గరికే వస్తారు. ఎవరు రాశారో, ఎందుకు రాశారో, ఎన్నాళ్ళు రాశారో గుర్తు చేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. హెలికోబాక్టర్ పైలొరీ అనే సూక్ష్మజీవి మన దేశంలో చాలా మంది కడుపుల్లో ఉంటుంది. దానికి ఊపిరి పరీక్షో, మలం పరీక్షో చేస్తారు. ఆ పరీక్షకు ముందు రెండు వారాలు ఈ మాత్ర ఆపమంటారు. ఎలా తగ్గించుకుంటూ ఆపాలో ఆయనే చెప్తారు.

ఇక పేగులు నిజంగా చెడిపోయిన సందర్భాలు. ఇవి ఉన్నాయి, తేలిగ్గా తీసిపారేయను. ఆదోని వైపు నుంచి ఒక రైతు మా దగ్గరికి వచ్చేవారు. పిడికిళ్ళకొద్దీ శెనక్కాయలు తింటారు, వారానికి రెండుసార్లు మాంసం, అయినా మనిషి ఎండుకుపోతూ ఉంటారు. మలం జిడ్డుగా, నీళ్ళ మీద తేలుతూ, ఎంత నీళ్ళు పోసినా పోకుండా ఉంటుందని ఎవరూ అడక్కపోతే ఆయన చెప్పలేదు. చూస్తే దీర్ఘకాలిక క్లోమ వాపు. ఎంజైములే రావడం లేదు. ఆయనకు కావలసింది భోజనంతోపాటు వేసుకునే క్లోమ ఎంజైముల క్యాప్సూల్స్. అవి మొదలుపెట్టాక బరువు పెరిగారు. గోధుమల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు మన దగ్గర ఉత్తరాదితో పోలిస్తే తక్కువే గానీ లేకపోలేదు. జియార్డియా లాంటి పరాన్నజీవులు, ఉష్ణమండల స్ప్రూ, క్రోన్స్ జబ్బు, పేగు టీబీ, వీటన్నిట్లో చిన్నపేగు గోడ దెబ్బతిని తిన్నది ఒంటికి పట్టదు. అప్పుడు ఒక్క కొలాజెన్ అని కాదు, ఇనుము, ఫోలేట్, కొవ్వు, అన్నీ పట్టవు. బరువు తగ్గుతుంది, రక్తం తగ్గుతుంది, విరేచనాలు ఆగవు. మీకు బరువు నిలకడగా ఉంది, విరేచనాలు మామూలుగా ఉన్నాయి అని రాశారు. కాబట్టి మీకు ఈ జబ్బులు ఉంటాయని నేను అనుకోవడం లేదు. ఎప్పుడైనా మలంలో రక్తం, నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, మింగడం కష్టమవడం కనపడితే మాత్రం ఇంటి చిట్కాలతో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి.

పేగుల శుభ్రత కిట్లలో సాధారణంగా ఉండేది సోనాముఖి ఆకు లాంటి విరేచనకారులు, ఇసబ్‌గోల్ లాంటి పీచు. విరేచనకారులు నెల రోజులు వాడితే ఒంట్లో నీరు, పొటాషియం పోతాయి. పేగు గోడకు మురికి అంటుకుని ఉండదమ్మా, కడగడానికి. ఆ గోడ పైపొర కొద్దిరోజులకోసారి తనంతట తానే కొత్తగా మారుతూ ఉంటుంది. ఇక ప్రోబయోటిక్స్ వేసుకుంటే కొలాజెన్ ఎక్కువగా పడుతుందనడానికి ఆధారం లేదు. వాటికి వేరే ఉపయోగాలు ఉన్నాయి. యాంటీబయోటిక్స్ వల్ల వచ్చే విరేచనాల్లో కొన్ని రకాలు పనిచేస్తాయి. మీకు ఆ అవసరం లేదు.

పెద్దపేగులోని సూక్ష్మజీవులను బాగా చూసుకోవాలంటే మన కడప, అనంతపురం వంటింట్లో ఉన్నదే చాలు. రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, అలసందలు, ఉలవలు, పెసలు, ఆకుకూర పప్పు. వీటిలోని పీచును సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఆహారం అవే. పీచు తక్కువై, అరగని ప్రోటీన్ మాత్రమే అక్కడికి చేరితే అదే సూక్ష్మజీవులు అమ్మోనియా లాంటివి పుట్టిస్తాయి. మూడు పూటలా తెల్లన్నం, ఇడ్లీ తిని పైన పౌడర్ తాగడం కన్నా ఒక పూట సంగటి తినడం మీ పేగులకు చేసే మేలు ఎక్కువ. ఉబ్బరం ఉన్నప్పుడు పప్పుధాన్యాలు ఒక్కసారిగా పెంచకండి. నానబెట్టి, నీళ్ళు మార్చి, మెత్తగా ఉడికించి, కొంచెం కొంచెంగా పెంచండి.

ఇప్పుడు, పట్టిన తర్వాత ఏమవుతుంది?

రక్తంలోకి వెళ్ళిన పెప్టైడ్లకూ అమైనో ఆమ్లాలకూ "నువ్వు మోకాలికి, నువ్వు చర్మానికి" అని ఎవరూ చీటీ రాసి పంపరు. ఒంటికి మొత్తం ప్రోటీన్ చాలకపోతే వాటిని వేరే అవసరాలకు వాడేస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ, మన హైదరాబాదులో ఉన్నదే, 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. మీ 60 కిలోలకు 50 గ్రాములు. మీరు రాసిన తిండి, అంటే పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, చారు, రాత్రి రెండు చపాతీలు, రెండు కాఫీలు లెక్కేస్తే 35, 40 గ్రాముల మధ్య తేలుతోంది. స్కూపుడు కొలాజెన్‌తో ఆ లోటు తీరుతుంది అనుకోవచ్చు గానీ తీరదు. కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అసలు లేదు, మిగతా అవసరమైన అమైనో ఆమ్లాలూ తక్కువే. ప్రోటీన్ నాణ్యత లెక్కల్లో దానికి వచ్చే మార్కు సున్నా. పప్పు, గుడ్డు, పెరుగు, శెనక్కాయలకు అది బదులు కాలేదు. రోజూ ఒక గుడ్డు పెట్టుకుంటే 6 గ్రాములు. పిడికెడు శెనక్కాయ గింజలకు 7 గ్రాములు దాకా. సంగటిలోకి శెనక్కాయల ఊరిబిండి చేసుకుంటారు కదా, అది రోజూ చేసుకోండి. సాయంత్రం అలసందల గుగ్గిళ్ళు. వీటితో మీ లోటు తీరుతుంది, ఖర్చు కూడా డబ్బా ఖర్చుకన్నా తక్కువే.

రెండోది విటమిన్ సి. కొలాజెన్ పోగుల్లో ప్రోలిన్ హైడ్రాక్సీప్రోలిన్‌గా మారితేనే ఆ మెలిక నిలుస్తుంది. ఆ మార్పు చేసే ఎంజైముకు విటమిన్ సి తప్పనిసరి. అది లేకపోతే చిగుళ్ళు చెడి రక్తం కారుతుంది, మానిన పాత గాయాలు మళ్ళీ తెరుచుకుంటాయి. స్కర్వీ అంటే అదే. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నారింజ, నిమ్మ ఇచ్చి నావికులను బాగుచేశాడు. విటమిన్ పేరు కూడా పుట్టని రోజుల్లో! మనకు చీనీ (బత్తాయి) తోటలు చూస్తే ఆ మూల పులివెందుల నుంచి ఈ మూల అనంతపురం దాకా ఉన్నాయి. ఆడవాళ్ళకు రోజుకు 65 మిల్లీగ్రాములు కావాలి. రెండు చీనీకాయలు తింటే సరిపోతుంది. ఒక జామకాయ అయితే అంతకు మించి. కాయ తినండి, రసం పిండి పీచు పారేయకండి. పచ్చివి తినడమే మేలు, ఉడికిస్తే ఈ విటమిన్‌లో చాలా భాగం పోతుంది.

2017లో ఒక చిన్న ప్రయోగం వెలువడింది. ఎనిమిది మంది యువకులకు విటమిన్ సి కలిపిన జెలటిన్ ఇచ్చి, గంట తర్వాత తాడుతో గెంతే ఆట (స్కిప్పింగ్) ఆడించారు. 15 గ్రాములు తీసుకున్నప్పుడు రక్తంలో కొలాజెన్ తయారీని సూచించే పదార్థం రెట్టింపయింది. చిన్న ప్రయోగమే, యువకుల మీదే. అయినా అందులో నాకు నచ్చింది వ్యాయామం. కదలిక లేని కీలుకు ముడిసరుకు ఎంత పంపినా దాన్ని ఎక్కడ వాడాలో తెలియదు. మోకాళ్ళ నొప్పికి తొడ కండరాలు గట్టిపడే వ్యాయామాల మేలు ఏ పౌడర్ మేలుకన్నా బాగా రుజువైంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి కొద్దిసేపు నిలపడంతో మొదలుపెట్టండి. ఒక్కసారి ఫిజియోథెరపిస్టును కలిసి నేర్చుకుంటే చాలు.

చర్మం సంగతి నిజాయితీగా చెప్పాలి. రోజుకు 2.5 నుంచి 10 గ్రాములు, రెండు మూడు నెలలు తీసుకుంటే చర్మం తేమ, సాగే గుణం కాస్త మెరుగైందని చాలా ప్రయోగాలు చెప్పాయి. అయితే 2025లో వచ్చిన ఒక సమీక్ష 23 ప్రయోగాలను కలిపి చూసి, కంపెనీల డబ్బుతో జరిగినవాటినీ జరగనివాటినీ విడదీసింది. కంపెనీల డబ్బు లేనివాటిలో తేడా కనపడలేదు. మోకాళ్ళ అరుగుదలలో నొప్పి కొంచెం తగ్గినట్టు కొన్ని ప్రయోగాలు చూపించాయి. ఆ "కొంచెం" కోసం నెలకు వెయ్యి, రెండు వేలు పెట్టాలా అన్నది మీ ఇల్లు చూసుకుని మీరే నిర్ణయించుకోవాలి. జుట్టుకైతే నేను ఇవ్వను. జుట్టు కెరటిన్ అనే వేరే ప్రోటీన్. మీ వయసులో జుట్టు రాలుతుంటే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపే పరీక్ష), థైరాయిడ్, బి12, విటమిన్ డి చూపించుకోండి. నెలసరి ఆగిపోయే వయసు కూడా ఇదే. ఆగిన తర్వాత మొదటి ఐదేళ్ళలో చర్మంలోని కొలాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుంది. ఆ తగ్గుదలకు కారణం ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గిపోవడం, మీ పేగులు కాదు.

పేగులకూ కొలాజెన్‌కూ నిజంగా లోతైన సంబంధం ఉన్న చోటు ఒకటుంది, దాని గురించి అమ్మేవాళ్ళెవరూ మాట్లాడరు. టైప్ టూ కొలాజెన్ అని, మృదులాస్థిలో ఉండే రకం. దాన్ని మెలిక విడిపోకుండా, ముక్కలు చేయకుండా, రోజుకు 40 మిల్లీగ్రాములు మాత్రమే ఇస్తారు. గ్రాములు కాదు, మిల్లీగ్రాములు. ఇంత తక్కువ ముడిసరుకుగా ఎందుకూ పనికిరాదు. ఇది పనిచేస్తే వేరే దారిలో పనిచేస్తుంది. చిన్నపేగు గోడలో పేయర్స్ ప్యాచెస్ అనే రోగనిరోధక కణాల గుంపులు ఉంటాయి. తిండిలో వచ్చే ప్రతిదాన్నీ శత్రువుగా చూడకుండా ఒంటికి నేర్పేది అవే. మృదులాస్థి ప్రోటీన్‌ను అవి పదేపదే చూస్తే, కీళ్ళలో దాని మీద జరిగే దాడి తగ్గుతుందన్నది ఆలోచన. 1993లో అమెరికాలో కీళ్ళవాతం రోగుల మీద కోడి కొలాజెన్‌తో ఇది చేసి చూశారు, ఆశ కలిగింది. తర్వాతి పెద్ద ప్రయోగాల్లో ఫలితం అంత స్పష్టంగా రాలేదు. మోకాళ్ళ అరుగుదలలో కొంత మేలు చూపిన ప్రయోగాలు ఉన్నాయి. మీ డబ్బాలో ఉన్నది ఇది కాదు. రెండూ కొలాజెన్ అనే పేరుతోనే అమ్ముతారు కాబట్టి ఒకదాని ఫలితాలు చూపించి ఇంకోటి అంటగడతారు, జాగ్రత్త.

శాకాహారులు చదువుతుంటే ఒక్క మాట. కొలాజెన్ జంతువుల నుంచే వస్తుంది, చేప, ఆవు, పంది, కోడి. డబ్బా మీద గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. పచ్చ గుర్తుతో "వెజ్ కొలాజెన్" అని అమ్మేవాటిలో కొలాజెన్ ఉండదు, ఉసిరి, విటమిన్ సి లాంటివే ఉంటాయి. వాటికన్నా ఉసిరికాయే నయం.

చివరిగా, మీరు అడగని ప్రశ్న ఒకటి. మన సీమలో మోకాళ్ళు, నడుము, మెడ పట్టేశాయని వచ్చిన వాళ్ళను నేను మొదట అడిగేది "ఏ నీళ్ళు తాగుతున్నారు?" అని. మీరు బోరునీళ్ళు అని రాశారు. నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు, ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట వర్ణించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే మీకు పక్కనే. అనంతపురం జిల్లా ఈ బాధ దశాబ్దాలుగా పడుతోంది. 1990లలో సత్యసాయి మంచినీటి పథకం వచ్చింది కూడా ఈ కష్టం చూసే. కడప, కర్నూలు జిల్లాల్లోనూ మెట్ట ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళు ఉన్నాయి. ఫ్లోరైడ్ స్నాయువులను గట్టిపరుస్తుంది, కీళ్ళు బిగుసుకుపోతాయి. అది పేగులనూ వదలదు. జీర్ణాశయంలోని ఆమ్లంతో కలిసి లోపలి పొరను గాయపరుస్తుంది. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళలో చిన్నపేగు గోడ మీద ఆహారాన్ని పీల్చుకునే సన్నని నూగు దెబ్బతిన్నట్టు మన దేశ పరిశోధకులే చూపించారు. ఉబ్బరం, గ్యాస్, వికారం, మలబద్ధకం దీని లక్షణాలే. మీ గ్యాస్ మాత్రకూ మీ మోకాళ్ళకూ ఒకే మూలం ఉండే అవకాశం ఇక్కడుంది.

లీటరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తారు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళండి. ఎక్కువని తేలితే కాచి చల్లార్చడం వల్ల లాభం లేదు, కాగేకొద్దీ నీరు తగ్గి ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్ళు తాగడానికీ, వంటకూ రెండింటికీ వాడండి. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి టీ తాగే ఇళ్ళల్లో అది తగ్గించండి. కీళ్ళ డాక్టరు మోకాలికి ఎక్స్‌రే రాస్తే ముంజేతికి కూడా ఒకటి తీయమని అడగండి, ఫ్లోరోసిస్ ఆనవాళ్ళు అక్కడ త్వరగా కనపడతాయి.

ఇంట్లో మిగిలిన డబ్బా పారేయక్కర్లేదు. పాలు మానేసి, మంచినీళ్ళల్లో కలుపుకుని, ఒక చీనీకాయ తిని, ఆ తర్వాత నడకకు వెళ్ళండి. అయిపోయాక ఇంకో డబ్బా కొనేముందు నీటి పరీక్ష, ఫెరిటిన్, బి12, థైరాయిడ్ రిపోర్టులు చేతిలో పెట్టుకోండి. రిపోర్టుల్లో అంకెలు రాయండి, ఏది ముందు సరిచేసుకోవాలో చెప్తాను.